పాత మ్యాపు, కొత్త ఫ్లైఓవరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

దారి చూపే ఫోన్లు, పెట్టెలు, కార్డుల మీద వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. సెట్టింగుల పేర్లు ఫోన్ కంపెనీని బట్టి ఒకటి రెండు మాటలు అటూ ఇటూ ఉండొచ్చు. మొదటి ఉత్తరం మా తప్పు మీదే వచ్చింది కాబట్టి దానితోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: లొకేషన్ సరిగా రాకపోతే "సెట్టింగ్స్‌లో లొకేషన్ మోడ్‌ని హై అక్యూరసీకి మార్చండి" అని ఇదే శీర్షికలో ఒకసారి రాశారు. మా అబ్బాయి కొత్త ఫోన్‌లో మోడ్ అనే మాటే లేదు. నీలం చుక్క బదులు పెద్ద నీలం వలయం వస్తోంది. ఇంట్లో కూర్చుంటే ఓసారి జేఎన్‌టీయూ అంటుంది, ఓసారి మూసాపేట అంటుంది.
(కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: ఆ జవాబు రాసిన రోజున సరైనదే, ఇప్పుడు కాదు. హై అక్యూరసీ, బ్యాటరీ సేవింగ్, డివైస్ ఓన్లీ అనే మూడు మోడ్లూ ఆండ్రాయిడ్ 9తో పోయాయి. వాటి స్థానంలో ఒకే స్విచ్ ఉంది. సెట్టింగ్స్, లొకేషన్, లొకేషన్ సర్వీసెస్ వరుసగా నొక్కితే అందులో గూగుల్ లొకేషన్ అక్యూరసీ కనిపిస్తుంది. దాన్ని ఆన్‌లో ఉంచండి. చుట్టుపక్కల వైఫై, టవర్ల సాయంతో ఇంటి లోపల కూడా చోటు పట్టేది అదే.

అయితే మీవాడి సమస్య అది కాకపోవచ్చు. చుక్క లేకుండా పెద్ద వలయం మాత్రమే వస్తోందంటే ఆ యాప్‌కి ఉజ్జాయింపు లొకేషన్‌కే అనుమతి ఉన్నట్టు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్ అనుమతి అడిగేటప్పుడు ప్రిసైస్ (కచ్చితం), అప్రాక్సిమేట్ (ఉజ్జాయింపు) అని రెండు బొమ్మలు చూపిస్తుంది. తొందరలో రెండోది నొక్కేస్తే ఇక అంతే. సెట్టింగ్స్, యాప్స్, మ్యాప్స్, పర్మిషన్స్, లొకేషన్ దాకా వెళ్లి, కింద ఉండే యూజ్ ప్రిసైస్ లొకేషన్‌ని ఆన్ చేయండి. ఐఫోన్‌లో ఈ స్విచ్ 2020లో ఐఓఎస్ 14తో వచ్చింది. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లొకేషన్ సర్వీసెస్, ఆ తర్వాత యాప్ పేరు నొక్కితే ప్రిసైస్ లొకేషన్ ఉంటుంది.

చుక్క సరైన చోటే ఉండి, ముఖం మాత్రం ఎటో తిరిగి ఉంటే అది దిక్సూచి గొడవ. అయస్కాంతం ఉన్న కవరుగానీ, కారులో అయస్కాంతపు హోల్డరుగానీ వాడుతున్నారేమో చూడండి. అది దిక్కును చెడగొడుతుంది, చోటును కాదు. హోల్డర్ నుంచి తీసి, ఫోన్‌ని గాలిలో ఇంగ్లీషు ఎనిమిది అంకెలా నాలుగైదుసార్లు తిప్పితే సర్దుకుంటుంది.

చేతికొచ్చిన గైడు నిరుటి పంచాంగమో, ఈ ఏటిదో పట్టేయడానికి కొన్ని గుర్తులు చెబుతాం. జీపీఎస్‌లో వంద మీటర్ల తేడా ఉంటుందని రాశారా? అమెరికా తన సంకేతాన్ని కావాలని పాడుచేయడం మానేసిన 2000 మే 2కి ముందు రాసినదన్నమాట. సెర్చ్ పెట్టెలో "ఓకే మ్యాప్స్" అని టైప్ చేస్తే మ్యాపు సేవ్ అవుతుందని ఉందా? అది 2013 నాటిది. ఫోన్‌లోని మ్యాపును కారు తెర మీద చూపే ఆండ్రాయిడ్ ఆటోను ఫోన్ తెర మీదే తెరవమంటే 2022కి ముందుది. విజయవాడ నుంచి విశాఖకు ఎన్‌హెచ్ 5 పట్టుకోమంటే 2010లో హైవేల నంబర్లు మారకముందుది. ఆ రోడ్డు ఇప్పుడు 16. హైదరాబాద్–విజయవాడ 9 కాస్తా 65 అయింది, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ మీదుగా కర్నూలు వెళ్లే 7 కాస్తా 44 అయింది.

ప్రశ్న: ట్రెక్కింగ్‌కి వాడే చేతి జీపీఎస్ ఒకటి చాలా ఏళ్లుగా ఉంది. 2025 జూన్ 15న నడిచిన ట్రాక్‌ని కంప్యూటర్లోకి ఎక్కిస్తే తేదీ 2005 అక్టోబర్ 30 అని పడింది. టైము సరిగ్గానే ఉంది, దారీ సరిగ్గానే ఉంది. చిప్ పోయిందా? రిపేరుకి ఇవ్వాలా?
(విశాఖపట్నం)

జవాబు: చిప్‌కి ఏమీ కాలేదు, రిపేరు షాపులో డబ్బు పోసుకోవద్దు. క్యాలెండర్ తీసి చూడండి. 2025 జూన్ 15 ఆదివారం, 2005 అక్టోబర్ 30 కూడా ఆదివారమే. రెండింటి మధ్య సరిగ్గా 7168 రోజులు, అంటే 1024 వారాలు. తేదీ తప్పి, వారం పేరూ టైమూ సరిగ్గా ఉన్నాయంటే జబ్బు ఇదే. ఇంకోటి కానే కాదు.

జీపీఎస్ ఉపగ్రహం "ఈ రోజు ఫలానా తేదీ" అని చెప్పదు. 1980 జనవరి 6 నుంచి ఎన్నో వారం నడుస్తోందో చెబుతుంది. పాత సంకేతంలో ఆ లెక్కకు 10 బిట్లే (సున్నా, ఒకటి మాత్రమే పట్టే గళ్లు) ఇచ్చారు. అందులో 0 నుంచి 1023 దాకానే పడుతుంది. ఆ తర్వాత పాత స్కూటర్ మీటరులా మళ్లీ సున్నా. 1999 ఆగస్టు 21 అర్ధరాత్రి ఒకసారి, 2019 ఏప్రిల్ 6 అర్ధరాత్రి రెండోసారి అలా తిరిగింది (గ్రీనిచ్ కాలమానం). మూడోది 2038 నవంబర్ 20న.

మరి 2019లో రానిది ఇప్పుడెందుకు వచ్చింది? చాలా కంపెనీలు ఓ కిటుకు వాడాయి. ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే లోపలి ప్రోగ్రాం) తయారైన వారాన్ని అందులో రాసిపెట్టి, "దీనికంటే ముందు తేదీ వస్తే 1024 వారాలు కలుపుకో" అన్నాయి. దాంతో పెట్టె 2019ని సాఫీగా దాటేస్తుంది. ఫర్మ్‌వేర్ పుట్టిన దగ్గర్నుంచి 19 ఏళ్ల ఏడున్నర నెలలు నిండగానే, కలపాల్సిన చోట కలపడం ఆగిపోతుంది. అందుకే ఒక్కో పెట్టె ఒక్కో రోజున మొరాయిస్తుంది.

చోటు లెక్కకు వారం నంబరు పెద్దగా అవసరం లేదు, అందుకే మీ దారి చెడలేదు. చెడేవి వేరే ఉన్నాయి. ఆన్ చేశాక ఉపగ్రహాలను వెతకడానికి ఎక్కువసేపు పడుతుంది, ఎందుకంటే ఏ ఉపగ్రహం ఇప్పుడు ఆకాశంలో ఎక్కడుంటుందో తేదీని బట్టే ఊహిస్తుంది. ఆరుబయట పెట్టి పావుగంటైనా ఓపిక పట్టండి. రెండోది ట్రెక్కింగ్ చేసేవాళ్లకు ముఖ్యం. సూర్యాస్తమయం పేజీ అక్టోబర్ చివరి లెక్క చూపిస్తుంది. విశాఖలో జూన్ మధ్యతో పోలిస్తే అది గంటకు పైగా ముందు. ఈసారి భయపడి తొందరగా దిగివస్తారు, నష్టం లేదు. నవంబర్‌లో నడిస్తే మాత్రం పెట్టె వేసవి తేదీ చూపించి, లేని వెలుతురు ఉందంటుంది.

మందు ఒకటే, కొత్త ఫర్మ్‌వేర్. కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లి చివరి వెర్షన్ ఎక్కించండి. ఎక్కించే ముందు బ్యాటరీలు కొత్తవి వేయండి, మధ్యలో ఆగితే పెట్టె నిజంగానే పోతుంది. కొత్తది విడుదల చేయకపోతే తప్పు తేదీతోనే వాడుకుని, కంప్యూటర్లో దిద్దుకోవచ్చు. జీపీఎస్‌బేబెల్ అనే ఉచిత ప్రోగ్రాంలో ట్రాక్ ఫిల్టర్ కింద మూవ్ ఆప్షన్‌కి ప్లస్ 7168 రోజులు ఇస్తే ఫైలు మొత్తం ఒక్కసారే ముందుకు జరుగుతుంది. చేత్తో ఏడాది మార్చుకుంటూ కూర్చోవద్దు, లీపు రోజుల దగ్గర తప్పుతారు.

ప్రశ్న: డాష్‌బోర్డు మీద పెట్టుకునే నావిగేటర్‌ని "లైఫ్‌టైమ్ మ్యాప్స్" అని చూసి కొన్నాను. ఇప్పుడు అప్‌డేట్ లేదంటోంది. హైదరాబాద్ దుర్గం చెరువు తీగల వంతెన మీద పోతుంటే నా కారు బొమ్మ నీళ్లలో ఈదుతోంది. మా అన్నయ్య కారులోనేమో ఎస్‌డీ కార్డు మ్యాపు ఉంది, కొత్త కార్డుకి షోరూంలో వేలల్లో అడుగుతున్నారు. కార్డు కాపీ చేసుకోకూడదా?
(నిజామాబాద్)

జవాబు: ఆ లైఫ్ మీది కాదు, పెట్టెది. నావిగేటర్లు తయారుచేసే గార్మిన్, టామ్‌టామ్ రెండింటి షరతుల్లోనూ లైఫ్‌టైమ్ అంటే పరికరం పనికొచ్చే కాలం అనే రాసి ఉంటుంది. కొత్త మ్యాపు పెట్టడానికి మెమరీ, ప్రాసెసర్ చాలకపోతే ఆ కాలం తీరిపోయినట్టే లెక్క. 2018లో టామ్‌టామ్ తన పాత మోడళ్లు కొన్నింటికి ఇలాగే అప్‌డేట్లు ఆపేసింది. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో లైఫ్‌టైమ్ అని వేసి, దాని అర్థాన్ని చిన్న అక్షరాల్లో దాచడం మాకు నచ్చే పద్ధతి కాదు. కానీ షరతు షరతే.

మీ పెట్టె ఉపగ్రహాల నుంచి చోటును సరిగ్గానే పట్టుకుంటోంది. ఆ చోటుకు దగ్గర్లో తనకు తెలిసిన రోడ్డు మీదికి కారు బొమ్మను లాగుతుంది. మామూలు ఫ్లైఓవర్ అయితే కింద రోడ్డుందిగా, అక్కడ అతికించేస్తుంది. అందుకే ఫ్లైఓవర్ మీద ఉండగా "ఎడమకు తిరగండి" అంటుంది. తీగల వంతెన తెరిచింది 2020 సెప్టెంబర్‌లో. అంతకుముందు మ్యాపులో అక్కడ ఉన్నది నీళ్లే. అతికించడానికి రోడ్డు దొరక్క బొమ్మ చెరువులో పడింది.

అప్‌డేట్ లేదంటున్నది నిజంగా కాలం తీరా, చోటు చాలకా అన్నది ముందు తేల్చుకోండి. కంప్యూటర్‌కి కలిపి చూస్తే లోపలి మెమరీ నిండి ఉండొచ్చు. పెట్టెకు మైక్రో ఎస్‌డీ గాడి ఉంటే కార్డు పెట్టి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ కుదరకపోతే, గార్మిన్ పెట్టెలకు ఇంకో దారి ఉంది. జనమే కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా ఉచితంగా తయారుచేసిన ఇండియా మ్యాపులు దొరుకుతాయి. కార్డును ఫ్యాట్32లో (ఫైళ్లు సర్దే ఒక పద్ధతి) ఫార్మాట్ చేసి, అందులో గార్మిన్ అనే ఫోల్డర్ పెట్టి, మ్యాపు ఫైలును అందులో వేయండి. పాత పెట్టెలు ఫైలుకి ఒకే ఒక్క పేరును గుర్తుపడతాయి: జి, ఎం, ఎ, పి, ఎస్, యు, పి, పి, చుక్క, ఐ, ఎం, జి. ఒక్క అక్షరం తేడా వచ్చినా మ్యాపు కనిపించదు. ఫైలు 4 జీబీ దాటితే ఫ్యాట్32 తీసుకోదు, కాబట్టి దక్షిణాది భాగం ఒక్కటీ దింపుకోండి. ఆఖరిగా సెట్టింగ్స్‌లో మ్యాప్ ఇన్ఫో తెరిచి పాత మ్యాపు టిక్ తీసేయండి. రెండూ ఆన్‌లో ఉంటే ఒకదాని మీద ఒకటి పడి దారి లెక్క తప్పుతుంది.

ఇక మీ అన్నయ్యగారి కార్డు. చాలా కార్లలో మ్యాపు కార్డును దాని తయారీ నంబరుకో, కారులోని తెర నంబరుకో ముడిపెడతారు. ఫైళ్లన్నీ పొల్లుపోకుండా కాపీ చేసినా కొత్త కార్డు పనిచేయదు. పొరపాటున పాత కార్డు ఫార్మాట్ అయిందా, ఉన్నదీ పోయినట్టే. ఆ కారులో ఆండ్రాయిడ్ ఆటోగానీ, ఐఫోన్‌కి అలాంటిదే అయిన కార్‌ప్లేగానీ ఉంటే కార్డు మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దనేది మా మాట. కేబుల్ పెట్టినా తెర మీద ఏమీ రాకపోతే కారును తిట్టే ముందు కేబుల్ మార్చండి. కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కే తప్ప డేటాకు పనికిరావు.

ప్రశ్న: కొత్త ఫోన్ కొనాలి. "నావిక్ సపోర్ట్" ఉన్నదే తీసుకో, మన దేశపు జీపీఎస్, గురి బాగా కుదురుతుంది అని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా?
(నెల్లూరు)

జవాబు: వీడియో ఏ ఏడాదిదో చూశారా? 2020లో క్వాల్‌కామ్ నావిక్ చిప్‌లు ప్రకటించినప్పుడు చేసిన వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి. ఆ తర్వాత కథ చాలా నడిచింది.

2013 జులైలో మీకు దగ్గర్లోని శ్రీహరికోట నుంచే మొదటి నావిక్ ఉపగ్రహం వెళ్లింది. మొదటి తరం ఉపగ్రహాలు ఎల్5, ఎస్ అనే రెండు పౌనఃపున్యాల్లో పలుకుతాయి. ఫోన్ చిప్‌లన్నీ మామూలుగా వినేదేమో 1575.42 మెగాహెర్ట్జ్ ఎల్1. ఈ తేడా వల్ల నావిక్ చాలా ఫోన్లలోకి రాలేకపోయింది. మొదటి ఉపగ్రహంలోని మూడు అణు గడియారాలూ ఆగిపోయాయి. దాని బదులు 2017 ఆగస్టులో పంపినది ఉష్ణ కవచం విడిపోక వృథా అయింది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01తో ఎల్1 కూడా వచ్చింది, దేశంలో తయారైన రుబిడియం గడియారంతో సహా. 2025 జనవరి 29న శ్రీహరికోట నూరో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02 మాత్రం కవాటాలు తెరుచుకోక అనుకున్న కక్ష్యకు చేరలేదు. ఈ లెక్కన నావిక్ మీ ఫోన్‌కి అదనపు ఉపగ్రహాలను ఇస్తుందే తప్ప, దాన్ని నమ్ముకుని ఫోన్ కొనే పరిస్థితి లేదు. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ అన్నీ కలిపే ఫోన్ లెక్క వేసుకుంటుంది.

కొనేటప్పుడు అడగాల్సింది ఎల్1తో పాటు ఎల్5 ఉందా అని. 2018లో షావోమీ మి 8తో ఫోన్లలోకి వచ్చిన ఈ రెండు పౌనఃపున్యాల పద్ధతి ఊళ్లో నిజంగా తేడా చూపిస్తుంది. ఎత్తైన భవనాల మధ్య సంకేతం గోడలకు తగిలి కాస్త ఆలస్యంగా కూడా వస్తుంది. పాత ఎల్1 సంకేతంలో ఒక్కో ముక్క దాదాపు 293 మీటర్ల పొడవు, ఎల్5లో 29 మీటర్లే. ముక్క చిన్నదైతే నేరుగా వచ్చినదాన్నీ, గోడకు తగిలి వచ్చినదాన్నీ విడదీయడం సులువు. మెయిన్ రోడ్డు మీదున్నారా, పక్క సర్వీసు రోడ్డు మీదున్నారా అన్నది తేలేది ఇక్కడే. జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసుకుని, డాబా మీద రెండు మూడు నిమిషాలు నిలబడండి. ఒక్కో ఉపగ్రహం పక్కన ఏ దేశానిదో జెండా, ఏ పౌనఃపున్యమో ఎల్1, ఎల్5 అని కనిపిస్తాయి. స్నేహితుడి ఫోన్‌లోనైనా ఇలా చూసుకున్నాకే కొనండి.

ప్రశ్న: పెళ్లి శుభలేఖ మీద ఫంక్షన్ హాలు దారి ఎలా వేయాలి? "చీరాల, ప్రకాశం జిల్లా" అని వెతికితే ఒక యాప్‌లో వస్తోంది, ఇంకోదాంట్లో రావడం లేదు. అక్షాంశ రేఖాంశాలు వేయమంటున్నారు, బంధువులు తప్పుగా కొడతారేమోనని భయం.
(చీరాల)

జవాబు: 2022 ఏప్రిల్ 4 నుంచి మీరు బాపట్ల జిల్లా. ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 కాస్తా 31, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. ఒక్కో యాప్ ఒక్కో ఏడాది చిరునామా పుస్తకం పట్టుకుని కూర్చుంది. శుభలేఖ మీద జిల్లా పేరు వేయండి, వెతికేటప్పుడు మాత్రం ఊరు, పిన్‌కోడ్ చాలు. జిల్లా వదిలేయమనండి.

అంకెలు వేస్తే దశాంశాల్లోనే వేయండి, చుక్క తర్వాత ఐదు అంకెలు. ఐదో అంకె విలువ మీటరు పైచిలుకు, నాలుగో దానిది 11 మీటర్లు. భయపడాల్సింది డిగ్రీలు, నిమిషాలతో కలగాపులగం చేసినప్పుడే. చార్మినార్‌నే తీసుకోండి: 17.3616, 78.4747. దీన్ని ఎవరైనా 17 డిగ్రీల 36 నిమిషాల 16 సెకన్లు, 78 డిగ్రీల 47 నిమిషాల 47 సెకన్లు అని కొట్టారో, ఈశాన్యంగా దాదాపు 43 కిలోమీటర్ల అవతల తేలతారు. నిజానికి అది 17 డిగ్రీల 21 నిమిషాల 42 సెకన్లు, 78 డిగ్రీల 28 నిమిషాల 29 సెకన్లు. మొదట అక్షాంశమే రావాలి. తెలుగు నేల మీద అది 12కీ 20కీ మధ్య ఉంటుంది. మొదటి సంఖ్య 80 దరిదాపుల్లో కనిపిస్తే రెండూ తారుమారయ్యాయని అర్థం.

తపాలా శాఖ 2025 మేలో డిజిపిన్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ చేయి వేసి తయారుచేసిన పద్ధతి ఇది. దేశాన్ని సుమారు 4 మీటర్ల గళ్లుగా కోసి, ఒక్కో గడికి పది అక్షరాలు, అంకెల కోడ్ ఇచ్చారు. జిల్లా పేర్లు మారినా అది మారదు. శుభలేఖ మీద వేయొచ్చుగానీ, బంధువుల ఫోన్లో ఉన్న మ్యాపు దాన్ని గుర్తుపట్టకపోతే తలనొప్పి మీకే. క్యూఆర్ కోడూ, దాని కింద దశాంశాలూ రెండూ వేయండి. అచ్చుకు ఇచ్చే ముందు ఆ ఊరు తెలియని వాళ్ల ఫోన్‌తో ఒకసారి స్కాన్ చేయించండి. పిన్ హాలు నడినెత్తిన కాదు, గేటు దగ్గర పడాలి.

ప్రశ్న: పాత కారు ఒకటి వాడుతున్నాం. 2022 నుంచి ఎస్‌ఓఎస్ బటన్ (ప్రమాదంలో సాయం కోసం నొక్కేది) పనిచేయడం లేదు, తెర మీద ట్రాఫిక్ రంగులూ రావు. జీపీఎస్ యాంటెన్నా మారిస్తే బాగవుతుందా?
(డాలస్, టెక్సస్)

జవాబు: బాగవదు. ఆ బటన్, ట్రాఫిక్ రంగులు నడిచేది 3జీ మోడెం (మొబైల్ నెట్‌వర్కుతో మాట్లాడే పరికరం) మీద. ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరి 22న, వెరైజన్ అదే ఏడాది డిసెంబర్ 31న 3జీ మూసేశాయి. ఉపగ్రహాల సంకేతం వినడానికి ఏ నెట్‌వర్కూ అక్కర్లేదు కాబట్టి మ్యాపు మీద చోటు వస్తూనే ఉంటుంది. మాట్లాడాల్సినవే మూగబోయాయి. కొన్ని మోడళ్లకు కంపెనీలు 4జీ మోడెం అమర్చి ఇచ్చాయి. కారు వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరు చెప్పి డీలర్‌ని అడగండి. ప్రమాద సమయంలో ఆ బటన్‌ని నమ్ముకోవద్దు. అది పనిచేయదని ఇంట్లో బండి నడిపే వాళ్లందరికీ చెప్పి ఉంచండి.

ప్రశ్న: శ్రీశైలం వెళ్లేటప్పుడు నల్లమలలో సిగ్నల్ ఉండదు. ఆఫ్‌లైన్ మ్యాపు ఎలా దింపుకోవాలి? నెలకోసారి పోతుందట కదా?
(మహబూబ్‌నగర్)

జవాబు: నెల రోజుల గడువు పాత మాట. ఇప్పుడు గూగుల్ మ్యాప్స్‌లో ఏడాది ఉంటుంది. గడువు దగ్గరపడితే వైఫైలో ఉన్నప్పుడు దానంతటదే కొత్తది దింపుకుంటుంది. మొబైల్ డేటా మీదే బతికేవాళ్లకు ఆ అవకాశం ఉండదు కాబట్టి ప్రయాణానికి రెండు రోజుల ముందు చేత్తో అప్‌డేట్ నొక్కండి. ప్రొఫైల్ బొమ్మ, ఆఫ్‌లైన్ మ్యాప్స్, సెలెక్ట్ యువర్ ఓన్ మ్యాప్ నొక్కి, గడిని వేళ్లతో సాగదీయండి. చాలామంది శ్రీశైలం ఊరు ఒక్కటే పెట్టి దింపుతారు. మీ ఇంటి నుంచి మన్ననూరు, దోమలపెంట, శ్రీశైలం దాకా, తిరుగు ప్రయాణం దోర్నాల మీదుగా అయితే అది కూడా గడి లోపల పడాలి.

ఆఫ్‌లైన్‌లో కారు దారి వస్తుంది. ట్రాఫిక్ రాదు, నడక దారి రాదు. ఇంటి దగ్గర ఒకసారి ఏరోప్లేన్ మోడ్ పెట్టి దారి అడిగి చూడండి, రాకపోతే అక్కడే తెలిసిపోతుంది. అడవి రోడ్డు గేట్లు రాత్రిపూట మూసేస్తారు. దింపుకున్న మ్యాపుకి ఆ సంగతి తెలియదు, దారి చూపిస్తూనే ఉంటుంది. చీకటి పడకముందే గేటు దాటేలా బయలుదేరండి.